వికీ పుటలు, ప్రాచీన భాషాధ్యయనము: లాటిను అనుభవము, కురిక్యాల శాసనము

వ్యవహారమున నున్న భాషను నేర్చుటకును, వ్యవహారమునుండి తొలగిన భాషను నేర్చుటకును ముఖ్యమైన భేద మొకటి కలదు. వాడుకలో నున్న భాషను తప్పుగా పలికినవానిని ఎదుటివాడు వెంటనే సవరించును. అంగడిలోను, వీథిలోను, ఇంటిలోను ఆ సవరణ దినమునకు పలుమార్లు జరుగుచునే యుండును. లాటినునకు గాని, శాసనకాలపు తెలుగునకు గాని అట్టి వీథి లేదు. వానిని అభ్యసించు విద్యార్థి తాను వ్రాసినదానిని ఆచార్యుడు దిద్ది యిచ్చువఱకు వేచియుండవలసినదే. తరగతిలో అఱువదిమంది యున్నపుడు ఆ దిద్దుబాటు వారమునకో, పక్షమునకో చేతికి వచ్చును. అప్పటికి తానేల తప్పు వ్రాసెనో విద్యార్థియే మఱచియుండును. మిగిలిన త్రోవ యొక్కటే: గైడు పుస్తకమునందలి సమాధానమును కంఠస్థము చేయుట.

ఇందువలన కలిగిన ఫలము మన యెదుటనే యున్నది. తెలుగున స్నాతకోత్తర పట్టమును పొంది, శాసనభాషా లక్షణములను వరుసగా అప్పగింపగలిగియు, ఒక్క శాసనమునైనను స్వయముగా చదివి అన్వయము చెప్పలేని విద్యార్థులు మన జిల్లాలలో అనేకులు కలరు. ఇది వారి బుద్ధిలోపము గాదు, అభ్యాసలోపము. విద్యార్థులు తామే వ్రాసి తామే దిద్దుకొను వికీ పుటలు ఈ లోపమును ఎంతవఱకు తీర్పగలవో ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఇందుకు లాటినును ఉదాహరణముగా గైకొనుటకు కారణము కలదు. జన్మచే మాతృభాషగా గలవారు లేని భాషయై యుండియు లాటిను వికీ పద్ధతిని ఆదిలోనే స్వీకరించినది. దాని అనుభవమును కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల విద్యార్థికి అన్వయించి చూచుటయే మా యుద్దేశము.

వికీ స్వరూపము

వికీ యనునది హవాయి భాషాపదము. శీఘ్రమని దాని యర్థము. అమెరికా దేశీయుడైన వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చి 25న వికీవికీవెబ్ అను పేర మొదటి వికీని లోకమున కందించెను. 2001 జనవరిలో ఆంగ్ల వికీపీడియాయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు ఆరంభమైనవి. వికీకి మూడు లక్షణములు ప్రధానములు. చదువరియే దిద్దుబాటుదారు కాగలుగుట మొదటిది. ప్రతి దిద్దుబాటును, దానిని చేసినవాని పేరుతోను కాలముతోను 'చరిత్ర' పుటలో నిలిచియుండుట రెండవది. ఏ రెండు కూర్పులనైనను ప్రక్కప్రక్కన నుంచి, ఏ యక్షరము మాఱినదో చూడవచ్చును. ప్రతి పుటకును అనుబంధముగా 'చర్చ' పుట యొకటి యుండి, అభిప్రాయభేదములకు తావిచ్చుట మూడవది.

లోకులు సామాన్యముగా మొదటి లక్షణమును చూచి మెచ్చుకొందురు, లేదా భయపడుదురు. భాషాభ్యాసమునకు అంతకంటె ముఖ్యమైనది రెండవ లక్షణ మని మా యభిప్రాయము. అది యెట్లో లాటినునుండి ఒక యుదాహరణముచే తెలిసికొందము.

లాటిను అనుభవము

లాటినున నామములకు ఆఱు విభక్తులు, అయిదు నామవర్గములు, నాలుగు క్రియావర్గములు ప్రధానముగా చెప్పబడును. పదాంతమును బట్టియే సంబంధము తెలియుటచే వాక్యమున పదక్రమము మిక్కిలి స్వేచ్ఛ గలది. 'అగ్రికొల ఎక్వుమ్ విదెత్' అన్నను, 'ఎక్వుమ్ అగ్రికొల విదెత్' అన్నను, రైతు గుఱ్ఱమును చూచుచున్నాడనియే యర్థము. సంస్కృత శ్లోకమునకు అన్వయము చెప్పుకొనిన మన విద్యార్థికి ఇందు వింత యేమియు లేదు. ఎక్వుస్ అను లాటిను పదమును, అశ్వ అను సంస్కృత పదమును ఒక్క మూలమునుండి వచ్చినవే యని తెలిసినపుడు ఆ పరిచయము మఱింత దృఢమగును.

ఇక 'మంచి రైతు' అను మాటను లాటినులో వ్రాయవలసి వచ్చినదనుకొందము. మొదటి విద్యార్థి 'అగ్రికొల బొన' అని వ్రాయును. మొదటి నామవర్గమున అకారాంత పదములు చాలవఱకు స్త్రీలింగములు గావున, విశేషణమును స్త్రీలింగమున నుంచుట అతనికి సహజముగా తోచును. రెండవ విద్యార్థి దానిని 'అగ్రికొల బొనుస్' అని దిద్ది, చర్చ పుటలో కారణము వ్రాయును: పదము రూపముచే మొదటి వర్గమునకు చెందినను లింగముచే పురుషవాచకము, విశేషణము లింగము ననుసరించును గాని అంతమును అనుసరింపదు. మూడవ విద్యార్థి నావికుడను అర్థము గల 'నౌత', కవి యను అర్థము గల 'పొఎత' అను పదములను చేర్చి, ఇవియు ఇట్టివే యని చూపును. తెలుగు విద్యార్థి యైనచో నాల్గవ మాటగా దార శబ్దము పుంలింగమనియు, కళత్ర శబ్దము నపుంసక మనియు, రెండును భార్యకే పేర్లనియు జ్ఞప్తికి తెచ్చును.

ఇచ్చట నేర్పినది తుదిరూపము గాదు. శుద్ధరూపము గైడు పుస్తకమునను దొరకును. అశుద్ధమునుండి శుద్ధమునకు నడచిన త్రోవయే గైడున దొరకనిది. ఆ త్రోవ వికీ చరిత్ర పుటలో చెఱగక నిలుచును. తరువాతి సంవత్సరము వచ్చిన విద్యార్థి, తాను చేయబోవు తప్పును ముందువాడు ఎట్లు చేసెనో, ఎవ్వ డెట్లు దిద్దెనో చూచి తెలిసికొనును. దిద్దినవాడు కారణము చెప్పవలసి వచ్చుటచే వ్యాకరణసూత్రమును తిరిగి చదువును. తప్పు చేసినవానికంటె తప్పు దిద్దినవాడే ఎక్కువగా నేర్చుకొను సందర్భము లనేకము.

లాటిను వికీపీడియా 'వికిపయ్‌దియ' అను పేర 2002లో వెలసినది. నేడు అందు లక్షకు పైబడిన వ్యాసములు కలవు. దానిని వ్రాయువారందఱును ఆ భాషను చదువుకొని నేర్చినవారే. కావున అందు ఒక మంచి ఆచార మేర్పడినది. వ్యాసమునందలి లాటిను సందిగ్ధముగా నున్నచో, ఆ సంగతిని తెలుపు సూచికను పుట శిరస్సుననే ఉంచుదురు. తప్పును దాచక, తప్పు కలదని ప్రకటించి, దిద్దువారిని ఆహ్వానించుట యిందలి నీతి. విద్యాశాలలో తప్పునకు మార్కులు తగ్గించుటయే గాని, దానిని ఇట్లు ఉపయోగించుకొను అలవాటు మనకు తక్కువ.

మన పూర్వుల పద్ధతి

ఈ పద్ధతి మనకు క్రొత్తది గాదా యని కొందఱు శంకింపవచ్చును. యంత్రము క్రొత్తదే గాని క్రమము క్రొత్తది గాదు. మెదకు సీమయందలి కొలచెలమ ఇంటిపేరుగా గల మల్లినాథసూరి, కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యానము రచించుచు ఒక ప్రతిజ్ఞ చేసెను. అన్వయక్రమముననే సర్వమును వివరింతుననియు, మూలమున లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు దాని తాత్పర్యము. నిర్ధారింపదగిన యాధారము లేని మాటను పుటలో నుంచరాదను వికీపీడియా నియమము ఈ ప్రతిజ్ఞకు దగ్గఱి చుట్టమే. విద్యార్థుల వికీకి వేఱు నియమావళి వ్రాయనక్కఱలేదు. మల్లినాథుని మూడు మాటలను తరగతి గోడపై వ్రాసికొనిన చాలును.

పలువురు కూడి పని చేయుటయు మనకు తెలియనిది గాదు. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవుల రచనలు చోటు చేసికొన్నవి. ఆయా గ్రామములనుండి కవులు తమ రచనలను పంపిరి, సంపాదకు డొక్కడు వానిని కూర్చెను. లక్ష్మణరాయ పరిశోధకమండలివారు 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును వెలువరించిరి. ఆ పెద్దలకు ఉత్తరములును, కాలినడకయు, తాటియాకులును సాధనములు. సాధనము మాఱినది, పని మాఱలేదు.

కురిక్యాల శాసనము: ఒక పాఠప్రణాళిక

కరీంనగర్ జిల్లా గంగాధర మండలమున కురిక్యాల గ్రామము కలదు. ఆ గ్రామ సమీపమున బొమ్మలగుట్ట యను కొండపై జైనశిల్పములును, వాని యడుగున శాసనమును కలవు. వేములవాడ చాళుక్యుల ప్రభువైన రెండవ అరికేసరి ఆస్థానమున కన్నడ ఆదికవి పంపడు వెలుగొందెను. అతని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్ది మధ్యభాగమున ఈ శాసనమును చెక్కించెను. ఇందు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలును కలవు. తెలుగు భాగము కందపద్యములు. నన్నయకు సుమారు నూఱేండ్లు పూర్వపు కందములు గావున, 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన సందర్భమున ఈ శాసనము పేరు పలుమార్లు వినవచ్చినది. పేరు విన్నవారు వేలసంఖ్యలో నుందురు. చదివినవారు మిక్కిలి కొలదిమంది.

ఈ శాసనమును విద్యార్థుల వికీలో నెట్లు చదివింపవలెను? అయిదు మెట్లుగా మేము సూచింతుము.

మొదటిది అక్షరపాఠము. శిలపై స్పష్టముగా కనబడు అక్షరమేది, సందిగ్ధమైన దేది, శిథిలమై పోగా పండితుడు ఊహించి పూరించిన దేది యని వేఱువేఱుగా గుర్తింపవలెను. లాటిను, గ్రీకు శాసనములను పరిష్కరించువారు 1931లో లైడెన్ నగరమున కూడి ఇందులకు సంకేతములను ఏర్పఱచుకొనిరి. లోపించిన అక్షరములను పూరించినచో చదరపు కుండలీకరణములలోను, సంక్షిప్తమును విస్తరించినచో గుండ్రని కుండలీకరణములలోను ఉంచుదురు. సందిగ్ధాక్షరము క్రింద చుక్క పెట్టుదురు. రోమను సమాధిశిలలపై రెండక్షరములు మాత్రమే చెక్కి 'దీస్ మానిబుస్' అని చదువుకొనుట రివాజు. అందులో చెక్కిన దెంత, చదువరి చేర్చిన దెంత యని ఈ సంకేతములే తెలుపును. మన శాసనములకును ఇవి యుపయోగపడును.

రెండవది పదవిభాగము. శాసనమున పదముల నడుమ ఎడము లేదు. ఎచ్చట విఱువవలెనో విద్యార్థియే నిర్ణయించి, ప్రతి పదమునకును విక్షనరీ పుటకు లంకె వేయవలెను. అచ్చట ఆ పదము లేనిచో క్రొత్త పుటను ప్రారంభింపవలెను.

మూడవది ఛందఃపరీక్ష. కందమున గగ, భ, జ, స, నలములే గణములు. ప్రతి గణమునకును నాలుగు మాత్రలు. పద్యార్ధమున ఎనిమిది గణము లుండును. బేసి గణము జగణము కారాదు, ఆఱవది జగణముగాని నలముగాని కావలెను, అర్ధాంతమున గురువుండవలెను. తప్పుగా చదివిన యొక్క దీర్ఘము ఈ లెక్కను పాడుచేయును. అనగా, ఆచార్యుడు లేకున్నను పద్యమే విద్యార్థిని దిద్దును. లాటిను పద్యములును గురులఘువులపై ఆధారపడినవే. హల్లులు జంటగా పరమైనచో హ్రస్వాక్షరము గురు వగుట ఆ భాషలోను కలదు. వారి విద్యార్థులును తమ పాఠమును గణవిభాగముచే పరీక్షించుకొందురు.

నాల్గవది వ్యాకరణము. ప్రతి రూపమునకును విభక్తియు, కాలమును, తరువాతి తెలుగున అది పొందిన మార్పును చెప్పవలెను. ఇచ్చట లిపి విషయమొకటి గమనింపదగును. ప్రాచీన శాసనములలో కనబడు 'ఴ' యను అక్షరము తరువాతి కాలమున తెలుగునుండి తొలగినది. తమిళమున ఏఴు, తెలుగున ఏడు. శాసనముల చోఴ శబ్దము కావ్యములలో చోడ యైనది. ఈ యక్షరమునకు యూనికోడున 2014లో స్థానము లభించినది. కావున విద్యార్థి శాసనాక్షరమును మార్చి వ్రాయవలసిన బాధ నేడు లేదు. మూలమున నున్నదానిని ఉన్నట్లే వ్రాయగలుగుట చిన్న లాభము గాదు.

అయిదవది తాత్పర్యము. దీనిని ఇద్దఱు వేఱువేఱుగా వ్రాసి, తరువాత పోల్చి చూడవలెను. తెలుగు వికీసోర్సున పుస్తకముల పుటలను అచ్చుదిద్దు పద్ధతి యొకటి కలదు. ఒకడు మూలపు బొమ్మతో పోల్చి దిద్దిన పుట పసుపురంగును పొందును. మఱియొకడు దానిని తిరిగి పరీక్షించి ఆమోదించిననే ఆకుపచ్చ యగును. మొదట దిద్దినవాడే ఆమోదించుటకు వీలులేదు. ఈ యొక్క నియమమును తరగతికి తెచ్చుకొనినను ఎంతో మేలు కలుగును.

ఆదిలాబాదు విద్యార్థి

గోదావరికి ఉత్తరమున పరిస్థితి కొంత భిన్నము. పూర్వపు ఆదిలాబాదు జిల్లా కళాశాలలలో గోండు, కొలాము కుటుంబముల విద్యార్థులు కలరు. తెలుగు, గోండీ భాషలు రెండును దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వంశవృక్షమున తమిళముకంటె గోండియే తెలుగునకు దగ్గఱి చుట్టము. కొలామీని ఎమెనో పండితుడు పరిశీలించి 1955లో గ్రంథమును ప్రకటించెను. నార్నూరు మండలము గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతుల లిపికి 2018లో యూనికోడున చోటు లభించినది.

ఇట్టి చోట వికీ పని తలక్రిందు లగును. శాసనపు పుటలో ఆచార్యుడు విద్యార్థిని దిద్దును. గోండీ పదముల పుటలో విద్యార్థియు, అతని ఇంటి అవ్వయు ఆచార్యుని దిద్దుదురు. ఒక ప్రాచీన తెలుగు ధాతువునకు గోండీ సజాతీయ పదమును చూపగలిగిన విద్యార్థి, తన యింటిభాష తరగతిలో నోరు మూసికొనవలసినది గాదని గ్రహించును. పెద్దల యనుమతితో వారి ఉచ్చారణమును నమోదు చేసి పుటలో చేర్చిన యెడల, పుస్తకములకు అందని సంపద నిలుచును. అయితే దేవతాసంబంధమైన పాటలను, గోప్యముగా నుంచదగిన విషయములను వారి యనుమతి లేక ఎక్కింపరాదు. తెలిసిన ప్రతిదియు ప్రకటింపదగినది గాదు.

దోషములు, నివారణము

ఈ పద్ధతి దోషరహిత మని మేము చెప్పము. 2011లో పుణె నగరమునందలి కొన్ని కళాశాలలలో విద్యార్థులచే ఆంగ్ల వికీపీడియా వ్యాసములు వ్రాయించు ప్రయత్నము జరిగినది. వారిలో పెక్కురు ఇతరుల రచనలను ఉన్నవి ఉన్నట్లు ఎక్కించుటచే, ఆ యేడాదియే దానిని నిలిపివేయవలసి వచ్చినది. మార్కుల కొఱకు వ్రాయించి, వ్రాయుట యెట్లో ముందుగా నేర్పకుండుట దానికి కారణములలో నొకటి. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు 2010ల దశకమున తెలుగు వికీపీడియా, వికీసోర్సులలో చేసిన పని వేఱొక త్రోవను చూపినది. అనుభవజ్ఞులైన వికీపీడియనుల శిక్షణతో, మాతృభాషలో, ప్రాతగ్రంథములను అచ్చుదిద్దుట వంటి పనులతో సాగుట అందలి విశేషము.

కావున కొన్ని జాగ్రత్తలు అవసరము. మొదట విద్యార్థులను ప్రయోగశాల పుటలోనే వ్రాయింపవలెను. పరిణతి కలిగిన పిమ్మటనే బహిరంగ వికీకి పంపవలెను. శాసనపాఠము వేయేండ్ల నాటిదైనను, దానిపై నేటి పండితుడు వ్రాసిన వ్యాఖ్యకు హక్కు కలదు. మన దేశమున రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరములు గడచువఱకు ఆ హక్కు నిలుచును. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులు సిద్ధపఱచిన పాఠములను ఆధారముగా పేర్కొనవచ్చును గాని, వారి వివరణమును ఎత్తి వ్రాయరాదు. విద్యార్థినులు, విద్యార్థులు స్వనామములతోనే వ్రాయవలెనను నిర్బంధము ఉండరాదు.

మార్కులను దిద్దుబాట్ల సంఖ్యను బట్టి యిచ్చుట ప్రమాదము. అట్లు చేసినచో కామాను తీసి మరల పెట్టుటయే విద్య యగును. చర్చ పుటలో చెప్పిన కారణమునకు మార్కు లీయవలెను. ఇటీవల యంత్రములే వ్యాసములను, అనువాదములను అల్లి యిచ్చుచున్నవి. గృహపాఠమును చూచి, అది విద్యార్థి చేసినదో యంత్రము చేసినదో తెలిసికొనుట దుర్లభ మగుచున్నది. ఇచ్చటను చరిత్ర పుట కొంతవఱకు రక్షకము. తడబడి, దిద్దుకొని, వాదించి నేర్చినవాని చరిత్ర పలు పంక్తులుగా నుండును. ఎత్తి అతికించినవాని చరిత్ర ఒక్క పంక్తియే. ఇది పూర్ణమైన రుజువు గాదు. తుదకు శిలాప్రతిబింబమును ముందుంచి నోటితో చదివించి అడుగుటకు మించిన పరీక్ష లేదు.

ఇందులకు గొప్ప ధనము అక్కఱలేదు. ఇరువదిమంది విద్యార్థులు, ఒక శాసనము, వారమునకు రెండు గంటలు, దినమునకు ఒక్కమాఱు చరిత్ర పుటను చూచు ఆచార్యుడు ఉన్నచో పని మొదలగును. ఆచార్యుడు వెంటనే తాను దిద్దకుండ, విద్యార్థులే దిద్దుకొనుటకు రెండు మూడు దినములు ఓపిక పట్టవలెను. ఈ యోపికయే అన్నిటికంటె కష్టమైనది.

ముగింపు

కరీంనగర్ ప్రాంతము నేడు గ్రానైటు రాతికి పేరుపడినది. శిల శాశ్వతమని నమ్మి పూర్వులు దానిపై వ్రాసిరి. ఆ శిలయే నేడు ఎగుమతి సరకైనది. గుట్టలు తఱుగుచున్న సీమలో శాసనములను కాపాడుట ప్రభుత్వ శాఖల పని యని ఊరకుండుట తగదు. చదువగలవారు లేని శాసనము గుట్టపై నున్నను పోయినట్లే. ఒక్కొక్క కళాశాల తన పరిసరమునందలి ఒక్కొక్క శాసనమును దత్తత గైకొని, విద్యార్థులచే అక్షరాక్షరమును చదివించి, వారి తప్పులతోను దిద్దుబాట్లతోను నిలుపుకొనిన యెడల, పదేండ్లలో ఉత్తర తెలంగాణమున శాసనభాషను చదువగల తరమొకటి సిద్ధమగును. కురిక్యాలతో ఈ పనిని ప్రారంభింపదగునని, ఈ ప్రాంత కళాశాలల తెలుగు శాఖలకు మా మనవి.